ఇంటికిచ్చిన పాఠం: సోలాపూర్ నేతపేటల్లో గృహపాఠం పూర్వాపరాలు

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు వ్యాసమొకటి వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. భవనాల గురించీ, దాతల గురించీ, పేరు తెచ్చిన పూర్వవిద్యార్థుల గురించీ వ్రాయగల అర్హులు చాలామంది ఉన్నారు. వారెవరూ ముట్టుకోరని నాకు తోచిన ఒక చిన్న విషయాన్ని నేను ఎన్నుకున్నాను. సాయంత్రం గంట మోగిన తరువాత పిల్లవాని సంచిలో బడి నుంచి ఇంటికి వెళ్లే పని అది. తెలుగునాట దానిని ఇంటిపని అనీ, హోంవర్కు అనీ అంటారు. మరాఠీ గడ్డమీద స్థిరపడిన మనం గృహపాఠం అంటాము. మాట మరాఠీ వారి నుంచి వచ్చినదే అయినా సంస్కృతపదం కావడం చేత మన తెలుగులో ఎక్కడా గరుకు తగలకుండా కలిసిపోయింది. పేరు ఏదైనా అందులో ఇల్లు ఉన్నది. ఆ ఇల్లు ఎటువంటిదో తెలియకుండా పాఠం ఇచ్చిన కాలమూ, తెలిసి ఇచ్చిన కాలమూ రెండూ మన పేటల చరిత్రలో ఉన్నాయి.

ముందుగా ఆ ఇంటి సంగతి. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి మన పూర్వులైన పద్మశాలీలు విడతలు విడతలుగా సోలాపూర్ చేరుకున్నారు. 1876-78 నాటి దక్కను కరువు, 1877లో ఇక్కడ నూలుమిల్లు ఆరంభం కావడం, పల్లెల్లో చేతినేతకు గిరాకీ తగ్గడం, ఇవన్నీ ఆ వలసను పెంచాయి. సాఖర్ పేట, భవాని పేట, భద్రావతి పేట, జోడ్‌భావి పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్, దత్తనగర్ ప్రాంతాలు తెలుగు పేటలయ్యాయి. ఇంట్లో ఒక పక్క మగ్గం, మరొక పక్క వంట, నడుమ పడక. మగవారు నేతలోనో మిల్లులోనో తరువాతి కాలంలో పవర్‌లూమ్ కార్ఖానాలోనో పనిచేస్తే, ఆడవారు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టారు. పిల్లలకు పని వెదకనవసరం లేదు. మగ్గం ఉన్న ఇంట కండెలు చుట్టాలి, బీడీ చాట ఉన్న ఇంట తడిపిన తునికాకు తుడిచి అందివ్వాలి, కట్టలకు దారం చుట్టాలి. అంటే బడివారు గృహపాఠం ఇవ్వక ముందే మన పిల్లలకు ఇంటిపని ఉన్నది. ఈ రెండు ఇంటిపనుల పోటీయే ఈ వ్యాసానికి అసలు విషయం.

పూర్వపు వీధిబడిలో గృహపాఠం అనేది ఉండేదా? ఉండటానికి తీరికే లేదు. ఈ విషయంలో మనకు దొరికే మంచి సాక్ష్యం ఒక దొర వ్రాసినది. 1816లో తెలుగు భాషకు వ్యాకరణం ప్రచురించిన ఏ. డి. కాంప్‌బెల్ ఆ తరువాత బళ్లారి కలెక్టరుగా ఉంటూ, 1823 ఆగస్టు 17న తన జిల్లాలోని దేశీయ పాఠశాలల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అందులో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, మరాఠీ బడులు 23. ఉదయం ఆరు గంటలకు మొదలైన బడి మధ్యమధ్య భోజనవిరామాలతో చీకటిపడే దాకా సాగేది. మొట్టమొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాసేవారట. ఆలస్యంగా వచ్చిన కొద్దీ బెత్తం దెబ్బలు పెరిగేవట. రోజంతా బడిలోనే గడిచే పిల్లవానికి ఇంటికి ఇచ్చేందుకు ఏం మిగులుతుంది? గంట కొట్టి తరగతులు నడిపే సర్కారు పద్ధతి వచ్చి, బడివేళ అయిదారు గంటలకు కుదించుకున్న తరువాతనే మిగిలిన వేళను కూడా అందుకోవాలనే ఆశ గృహపాఠం రూపంలో పుట్టింది.

ఆ నివేదికలోనే మరొక మాట ఉన్నది. అది మన కులవృత్తి వారందరూ తెలుసుకోవలసినది. బడులు ఎందుకు క్షీణిస్తున్నాయంటే ప్రజల పేదరికం వల్లనని కాంప్‌బెల్ నిర్మొహమాటంగా వ్రాశాడు. దేశంలో నేసిన బట్టకు బదులు ఇంగ్లండు నూలుబట్టలు దిగుమతి కావడం చేత పనివారి వర్గాల రాబడి తగ్గిందని కారణం కూడా చూపించాడు. మగ్గం దెబ్బతింటే ముందుగా మానేది పిల్లవాని చదువే అన్న సంగతి సోలాపూర్‌లో మనం అనుభవంతో నేర్చుకోవడానికి అర్ధశతాబ్దం ముందే ఒక కలెక్టరు కాగితానికెక్కించాడు.

ఇసుకలో వ్రేలితో దిద్దించిన ఓనమాల తరువాత పలక వచ్చింది. గృహపాఠం చరిత్రలో పలకకు తగిన గౌరవం దక్కలేదని నా అభిప్రాయం. పలకకు రెండు వైపులే ఉన్నాయి. ఒక వైపు లెక్కలు, మరొక వైపు అక్షరాలు. అంతకు మించి ఇద్దామన్నా చోటు లేదు. చంకలో పెట్టుకొని బడికి వచ్చేసరికి చొక్కాకు రాసుకొని సగం చెరిగిపోతుంది కనుక గురుజీ పొద్దున్నే చూడక తప్పదు. చూసిన వెంటనే తుడిచివేయవచ్చు. తప్పు కూడా నీళ్లతో పోతుంది. పిల్లవాని నిన్నటి తప్పు రేపటి దాకా నిలిచి అతనిని వేధించదు. తక్కువ పని, వెంటనే దిద్దుబాటు, మరునాటికి శుభ్రమైన పలక. ఈ మూడు సుగుణాలను ఏ విద్యాశాస్త్రవేత్తా కనిపెట్టలేదు. రాయి స్వభావమే అట్టిది.

1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు బునియాదీ విద్యను ప్రతిపాదించి, జాకీర్ హుస్సేన్ కమిటీ దానికి ప్రణాళిక వేసినప్పుడు, వడకడం నేయడం పాఠంలో భాగమయ్యాయి. తలచుకుంటే కొంచెం నవ్వు వస్తుంది. మన పేటల పిల్లల చేతికి తకిలీ ఇచ్చి నూలు వడకడం నేర్పడం తాతకు దగ్గులు నేర్పినట్లే. అయినా ఆ పథకంలో గొప్ప ఆలోచన ఒకటున్నది. ఇంటి వృత్తి చదువుకు శత్రువు కానక్కరలేదని, లెక్కలూ భూగోళమూ నూలుపోగు చివర పట్టుకొని కూడా నేర్పవచ్చునని అది చెప్పింది. ఆ ఆలోచన మన గురుజీలకు ఆలస్యంగా, వేరొక దారిన పనికివచ్చింది.

స్వాతంత్ర్యం తరువాత 1947 నాటి బొంబాయి ప్రాథమిక విద్యాచట్టం, 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం మనకు ముఖ్యమైనవి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించవలసిన బాధ్యతను ఆ అధికరణం రాష్ట్రాలపై ఉంచింది. మహారాష్ట్రలో తెలుగు మాధ్యమపు బడి నడవడం ఒకరి దయ కాదని చెప్పడానికి మన పెద్దలు ఈ అధికరణాన్నే చూపేవారు. అయితే చట్టం తెలుగు తరగతినివ్వగలిగింది కాని ఇంట్లో తెలుగు చదవగల పెద్దలను ఇవ్వలేకపోయింది. తండ్రికి మిల్లులో మరాఠీ అక్షరాలు కొద్దిగా తెలిసి ఉండవచ్చు. తల్లికి ఏ అక్షరమూ తెలియకపోవచ్చు. అటువంటి ఇంటికి "పెద్దలచేత చదివించుకొని రండి" అని గృహపాఠం పంపితే అది ఎవరికి పంపినట్లు?

ఒక్కసారి మాత్రం ఈ వ్యవహారం పూర్తిగా తలక్రిందులయింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు చెలామణిలోకి వచ్చాయి. అంతవరకు రూపాయికి పదహారణాలు. ఇప్పుడు నూరు పైసలు. అణాకు ఆరుంబావు పైసలు, రెండణాలకు పన్నెండున్నర, నాలుగణాలకు పాతిక. బజారులో చిల్లర దగ్గర తగాదాలు పడుతున్న ఆ రోజుల్లో కొత్త లెక్క తెలిసినది బడిపిల్లలకే. ఇంటివారి కూలిలెక్కను అణాల నుంచి పైసలలోకి మార్చి చెప్పడమే గృహపాఠం. పెద్దలు అడిగేవారు, పిల్లలు చెప్పేవారు. మన పేటల్లో గృహపాఠానికి ఇంట్లో అంత మర్యాద దక్కిన కాలం మరొకటి లేదని ఆనాటి విద్యార్థులు ఇప్పటికీ మురిసిపోతూ చెబుతారు.

తరువాత నోటుపుస్తకాల కాలం వచ్చింది. పుస్తకం చవక అయింది, పని బరువైంది. పలకమీద పట్టనిది పుస్తకంలో పడుతుంది కనుక "పాఠం పదిసార్లు వ్రాయుము" అనే విధానం ప్రబలింది. తరగతిలో అరవై మంది. అరవై పుస్తకాలు దిద్దాలంటే ఒక్కొక్క దానికి రెండు నిమిషాలైనా రెండు గంటలు. కాబట్టి దిద్దనవసరం లేని పని, అంటే చూచివ్రాత ఇవ్వడం గురుజీలకూ బాయిలకూ అలవాటైంది. ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత, కింద పొట్టి సంతకం. పిల్లలు వ్రాసినది ఎవరూ చదవడం లేదని పిల్లలకు తెలుసు. వారు ఆలోచించి వ్రాయడం లేదని మాకు తెలుసు. ఈ పరస్పర అవగాహన మీద ఏళ్లు గడిచిపోయాయి.

ఈ పాపంలో నా వాటా చెప్పకపోవడం న్యాయం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మరొక ఊరి బడిలో, మూడవ తరగతి బాలిక ఒకతె వరుసగా నాలుగు రోజులు గృహపాఠం తేలేదు. శిక్షగా దానినే ఇరవైసార్లు వ్రాయమన్నాను. మరునాడు తెచ్చింది, వ్రాత ఆమెది కాదు, అన్నది. మందలించాను. ఆమె ఏడవలేదు, జవాబు చెప్పలేదు. చేతులు వెనక్కు పెట్టుకొని నిలబడింది. ఆ తరువాతి వారం ఆమె బడి మానేసింది. ఇంటికి వెళ్లి చూస్తే తల్లికి జ్వరం. వేయి బీడీల లెక్క తప్పకూడదు కనుక కూతురు చాట ముందు కూర్చున్నది. ఆకు కత్తిరించి కత్తిరించి బొటనవేలు కాయ కాచింది. ఆ చేతులనే ఆమె నా ముందు దాచుకున్నది. నేనెంత బతిమాలినా ఆమె తిరిగి రాలేదు. ఆమె తల్లి ఒక్కటే అడిగింది: "మీరిచ్చిన పని చేయకుంటే కొడతరు, నేనిచ్చిన పని చేయకుంటే తిండి లేదు. పిల్ల ఎవలి పని చేయాలె?"

చట్టం కూడా ఈ ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పలేదు. 1986 నాటి బాలకార్మిక చట్టం బీడీల తయారీలో పిల్లలను పెట్టుకోరాదని నిషేధిస్తూనే, కుటుంబ సభ్యుల సాయంతో ఇంట్లో జరిగే పనికి మినహాయింపునిచ్చింది. మన పేటల్లో బీడీ పని అంతా ఇంట్లోనే కదా! 2016 సవరణ పధ్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదని చెప్పి, ప్రమాదకరం కాని కుటుంబవృత్తిలో బడివేళల తరువాతా సెలవుల్లోనూ సాయం చేయవచ్చునని అనుమతించింది. బడివేళల తరువాత అంటే సరిగ్గా గృహపాఠపు వేళ. ఆ ఒక్క గంటనూ బడి తనదంటుంది, ఇల్లు తనదంటుంది.

మన పాఠశాలలో ఈ ఆలోచన ఒకరి బుర్రలో ఒక రోజున మెరిసినది కాదు. ఉపాధ్యాయుల గదిలో, టీ వేళల్లో, కొంత కోపంతోనే సాగింది. కొందరు గృహపాఠం పూర్తిగా మానివేయాలన్నారు. "మానేస్తే ఆ గంట కూడా చాటకే పోతుంది, కనీసం పుస్తకం పేరు చెప్పి పిల్లను కాసేపు లేపవచ్చు" అన్నారు మరికొందరు. ఇంకొకరు బీడీకట్టల మీదనే లెక్కలు ఇద్దామన్నారు. కట్టకు ఇరవై అయిదు చొప్పున వేయి బీడీలకు నలభై కట్టలు; గుణకారానికి, భాగహారానికి ఇంతకన్న తెలిసిన ఉదాహరణ ఏముంటుంది? దానికి ఒక సీనియర్ బాయి గట్టిగా అడ్డు చెప్పారు. బీడీలెక్క పాఠమైతే బీడీ చుట్టడం బడి ఒప్పుకున్న పని అవుతుందని ఆమె వాదం. ఆ మాట నాకు ఆనాడు చాదస్తంగా తోచింది. ఇప్పుడు సబబుగానే తోస్తున్నది. చివరికి కుదిరిన రాజీ ఏమంటే, లెక్క ఇవ్వవచ్చు కాని పని చేయించే లెక్క ఇవ్వరాదు. "అమ్మకు ఈ వారం ఎన్ని కట్టలకు కూలి వచ్చింది, ఎన్ని కట్టలు తీసివేశారు, మిగిలిన దానికి లెక్క సరిపోయిందా?" అన్నది ఆ విధంగా రూపొందిన ప్రశ్న. ఇది బీడీ చుట్టడం నేర్పదు. కూలి లెక్క చూడడం నేర్పుతుంది. నాలుగవ తరగతి పిల్లలు తల్లుల కూలిపుస్తకాలు చదవడం మొదలుపెట్టిన తరువాత ఇళ్లల్లో బడి పట్ల చూపు మారింది.

లెక్కలకు మరొక గని సోలాపూర్ చద్దరు. భౌగోళిక గుర్తింపు పొందిన మన చద్దరు జకార్డు మగ్గం మీద తయారవుతుంది. 1804లో ఫ్రాన్సులో జకార్డు రూపొందించిన యంత్రం అది. రంధ్రాలు పొడిచిన అట్టల వరుస ఏ పోగు లేవాలో, ఏది దిగాలో చెబుతుంది. ముందు గళ్ల కాగితం మీద బొమ్మ వేసి గళ్లు లెక్కపెట్టుకోవాలి. "ఇంట్లో కప్పుకొనే చద్దరు పరచి, పువ్వు ఎక్కడ తిరగబడి మళ్లీ వస్తున్నదో చూడుము, మడతపెడితే ఏ గీత మీద రెండు సగాలు కలుస్తున్నవి?" దీనికి దీపం ఎక్కువ అక్కరలేదు, చదువుకున్న తండ్రి అక్కరలేదు, పది నిమిషాలు చాలు. మరునాడు ముప్ఫై మంది ముప్ఫై రకాల జవాబులు తెచ్చినా ఉపాధ్యాయునికి దిద్దడం భారం కాదు. ఒకరి చద్దరుతో ఒకరిది పోల్చితే పిల్లలే దిద్దుకుంటారు. గృహపాఠం కూర్చేవారు ఎదుర్కొనే కష్టాలలో సగం దిద్దుబాటు కష్టాలే. తరగతికి 30 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పేదాకా ఈ సంగతి పైవారికి పట్టలేదు.

భాష విషయంలో మన కష్టం తెలుగుదేశంలో ఎవరికీ లేనిది. పుస్తకంలో గోంగూర, ఇంట్లో పుంటికూర, బజారులో మరాఠీ అమ్మి అరిచేది అంబాడీ, పొరుగున కన్నడం వారింట పుండి. పిల్లవాడు పుంటికూర అని వ్రాస్తే తప్పని ఎర్రసిరాతో కొట్టివేసిన వారిలో నేనూ ఉన్నాను. తరువాత ఆ తప్పునే గృహపాఠం చేశాము. ఒక వస్తువుకు పుస్తకంలో మాట, అవ్వ మాట, వీధి మాట మూడూ వ్రాసుకొని రావాలి. అవ్వలకు ఇది మహా సంబరం. చదువురాని ముసలమ్మ పదిమాటలు చెప్పి, పదకొండవది మరునాడు చెబుతానని ఆపేది. ఆ విధంగా నాడె, కండె, ఆసు, పడుగు, పేక, అచ్చు వంటి మగ్గపు మాటలు మా పిల్లల పుస్తకాలకెక్కాయి.

సంఖ్యల పేర్లలో మాత్రం మనవారికి ఒక మేలు ఉన్నది. తెలుగులో ఇరవై ఒకటి అంటాము, పదులు ముందు, ఒకట్లు తరువాత, వ్రాసిన వరుసలోనే. మరాఠీలో ఏక్‌వీస్, ఒకటి ముందు. 2019లో బాలభారతి వారు రెండవ తరగతి లెక్కల పుస్తకంలో వీస్ ఏక్ అనే పద్ధతి పెట్టినప్పుడు రాష్ట్రమంతటా పెద్ద దుమారం లేచింది. మన పిల్లలు ఏ కమిటీ చెప్పకుండానే పుట్టుకతో ఆ పద్ధతిలో లెక్కపెడుతున్నారు. ఎక్కాల విషయంలో మరాఠీవారే మనకు గురువులు. ముప్ఫైదాకా పాఢేలు, పావు, అర, ఒకటిన్నర, రెండున్నర ఎక్కాలు సహా కంఠస్థం చేసిన పాతకాలపు గుమాస్తాల వేగం మనవారికి ఎన్నడూ పట్టుబడలేదు.

మనం చీకట్లో తడుముకుంటూ చేరిన చోటికే పెద్ద పెద్ద కమిటీలు కూడా చేరాయి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు గృహపాఠం ఇవ్వరాదని అమెరికాలోని కాలిఫోర్నియా 1901లో చట్టమే చేసింది. ఫ్రాన్సు 1956లో ప్రాథమిక పాఠశాలల్లో వ్రాత గృహపాఠాన్ని నిషేధించింది. ఆచార్య యశ్‌పాల్ కమిటీ 1993లో ఇచ్చిన నివేదిక, ఇంటి పరిసరాలను పరిశీలించే పని తప్ప ప్రాథమిక తరగతులకు గృహపాఠం వద్దని సిఫారసు చేసింది. కేంద్రప్రభుత్వం 2020లో ప్రకటించిన బడిసంచి విధానం రెండవ తరగతి దాకా గృహపాఠం లేదని, మూడు నుంచి అయిదు వరకు వారానికి రెండు గంటలు మించరాదని చెప్పింది. ఈ దశలో గృహపాఠానికీ మార్కులకూ దాదాపు సంబంధమే కనబడదని అమెరికన్ పరిశోధకుడు హారిస్ కూపర్ అనేక అధ్యయనాలను కలిపి చూసి తేల్చాడు. ఈ మాటలు తల్లిదండ్రుల సమావేశంలో చదివితే నమ్మేవారు తక్కువ. పుస్తకం నిండా వ్రాత ఉంటేనే బడి నడుస్తున్నట్లు లెక్క అని వారి అభిప్రాయం. ఇంటిలో చదవడం రాని తల్లికి నిండిన పేజీ ఒక్కటే కంటికి కనబడే రుజువు కదా, వారిని తప్పుపట్టలేము.

2006లో కుంభారిలో బీడీ కార్మికుల సహకార పథకం కింద పదివేల ఇళ్లు కట్టి ఇచ్చారు. సొంత గోడలు, విద్యుద్దీపం, మూలన పుస్తకం పెట్టుకొనే చోటు. బడికి మాత్రం ఎడం పెరిగింది. బస్సు వేళలో ఒక గంట పోతే గృహపాఠానికి మిగిలే వేళ తగ్గింది. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు పాఠమంతా గృహపాఠమే అయింది. ఇంటికి ఒకే ఫోను, అది తండ్రితో పాటు పనికి పోతుంది. రాత్రి తొమ్మిదింటికి గొంతు పంపిన పిల్లల పాఠాలు నేను ఇప్పటికీ చెరపలేదు. వెనుక పవర్‌లూమ్ చప్పుడు వినబడుతుంది. ఆ ఏడాది డిసెంబరులోనే మన జిల్లాలోని పరితేవాడి గ్రామపు ప్రాథమిక ఉపాధ్యాయుడు రంజిత్‌సింహ డిసలేకు ప్రపంచ ఉపాధ్యాయ పురస్కారం లభించింది. కన్నడం మాట్లాడే పిల్లల కోసం పాఠాలను వారి భాషలోకి మార్చి, పుస్తకంలో క్యూఆర్ కోడు ముద్రించి, పాటనూ కథనూ అభ్యాసాన్నీ దానిలో ఉంచడం ఆయన చేసిన పని. ఇంటి భాషలో ఇంటికి పాఠం పంపడం మనకు కొత్త కాదని గర్వంగా అనుకున్నాము. ఫోను లేని ఇంటికి ఎట్లా పంపాలో మాత్రం ఆనాడు మాకూ తెలియలేదు.

చివరగా పూర్వవిద్యార్థులకు ఒక విన్నపం. జూబిలీ ప్రదర్శనలో పాత గృహపాఠాలకు ఒక బల్ల కేటాయించారు. అవ్వ మాటల పుస్తకాలు మావద్ద ఏడే మిగిలాయి; మిగతావి సెలవుల్లో చిత్తుకాగితాల వానికి పోయాయి. మీ ఇంట అటకమీద పలక గాని, అట్ట చిరిగిన పుస్తకం గాని, అణాలు కొట్టివేసి పైసలు వ్రాసిన కూలిలెక్క గాని ఉంటే తెచ్చి ఇవ్వండి. ఎర్రసిరా తప్పులు ఉన్నవైతే మరీ మంచిది. వాటిని మళ్లీ చదివి, ఎవరి తప్పో చూడవలసి ఉన్నది.